ఏలియన్ సిరీస్ ఎక్కడ చెడింది? మూడో సినిమాలోనా, రెండో దాంట్లోనే విత్తనం పడిందా?

1. ఆరోవరస

'ఏలియన్' (1979), 'ఏలియన్స్' (1986) గొప్ప సినిమాలని ఇక్కడ ఎవరూ కాదనరు. గొడవంతా ఆ తర్వాత వచ్చినవాటి మీదే. 'ఏలియన్ 3' (1992), 'ఏలియన్: రిజరెక్షన్' (1997), ప్రిడేటర్‌తో కలిపి తీసిన రెండు (2004, 2007), మొదటి సినిమా దర్శకుడు రిడ్లీ స్కాటే మళ్ళీ వచ్చి తీసిన 'ప్రొమిథియస్' (2012), 'ఏలియన్: కవెనెంట్' (2017). ఎందుకు దిగజారింది అంటే "కథలు అయిపోయాయి" అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. మొదటి సినిమాలో మాత్రం కథ ఎంత? అంతరిక్షంలో ఒక సరకు ఓడ, ఏడుగురు సిబ్బంది, ఒక జీవి. గుప్పెడంత.

ఈ సిరీస్‌కి ప్రాణం ఎదురుచూపు అని నా వాదన. గడియారం పక్కన పెట్టుకుని చూడండి. 117 నిమిషాల సినిమాలో గుడ్డు తెరుచుకునేది అరగంట దాటాక. గుడ్డులోంచి వచ్చింది ఓడలోని కేన్ ముఖానికి అంటుకుని లోపల పిల్లని పెడుతుంది, అతని ఛాతీ చీల్చుకుని అది పుట్టేది దాదాపు గంట దగ్గర. ఎదిగిన జీవి తెర మీద కనబడే సమయం మొత్తం కూడితే నాలుగు నిమిషాలు అటూ ఇటూ. మరి మిగతా సేపంతా ఏముంది? ఓడ సిబ్బందిలో ఒకడైన బ్రెట్ పిల్లిని పిలుస్తూ తిరగడం, గొలుసులు ఒకదానికొకటి తగిలే చప్పుడు, పైనుంచి కారే నీళ్ళకి అతను టోపీ తీసి ముఖం ఎత్తడం. మనం భయపడేది అక్కడ.

కేన్ సంగతే తీసుకోండి. ముఖానికి అంటుకున్నది ఊడిపోయింది, మనిషి లేచాడు, ఆకలన్నాడు, అందరూ చుట్టూ కూర్చుని నవ్వుతూ తింటున్నారు. ఆ తిండి దగ్గర జరిగింది కాబట్టే ఆ సీను అంత దెబ్బ కొట్టింది. తర్వాతి సినిమాల్లో ఆ వ్యవధి తరుగుతూ వచ్చింది. 2004 సినిమాలో అంటుకోవడం, పుట్టడం, ఎదగడం అన్నీ నిమిషాల మీద అయిపోతాయి. కవెనెంట్‌లోనూ అంతే. కడుపులో ఏముందో తెలియకుండా మనిషి అన్నం తినే సీనుకి ఇక చోటేదీ?

2. కత్తెర

ఆరోవరస గారూ, మీరు జ్వరం ఎంతుందో చెబుతున్నారు, జబ్బేంటో చెప్పట్లేదు. ఆ వ్యవధి ఎందుకు తరిగింది? ఎవరు కోశారు? 1992 సినిమా తయారైన తీరు చూస్తే జవాబు దొరుకుతుంది.

ముందు విలియం గిబ్సన్ ఒక స్క్రిప్టు రాశాడు. అందులో మొదటి రెండు సినిమాల నాయిక రిప్లీ దాదాపు స్పృహలోనే ఉండదు, కథ నడిపేది రెండో సినిమాలోని సైనికుడు హిక్స్. పక్కన పెట్టారు. ఎరిక్ రెడ్ ఇంకోటి రాశాడు, అదీ పోయింది. డేవిడ్ టువీ జైలు గ్రహం రాశాడు. దర్శకుడిగా ఉన్న రెనీ హార్లిన్ వెళ్ళిపోయాడు. విన్సెంట్ వార్డ్ వచ్చి అసలు జైలే వద్దు, చెక్కతో కట్టిన గ్రహం మీద సన్యాసుల మఠం అన్నాడు. దానికి పైన్‌వుడ్ స్టూడియోలో సెట్ల పని కూడా మొదలైంది. తర్వాత వార్డ్ కూడా వెళ్ళిపోయాడు. విడుదల ఎప్పుడో మాత్రం ముందే అనుకున్నారు. ముహూర్తం పెట్టేసి పెళ్ళికొడుకుని వెతికినట్టు అయింది వ్యవహారం.

చివరికి టువీ జైలునీ, వార్డ్ మఠాన్నీ కలిపి కుట్టారు. అందుకే ఆ సినిమాలో ఖైదీలు గుండ్లు గీసుకుని సన్యాసుల్లా ప్రార్థనలు చేస్తుంటారు. ఈ సగం కుట్టిన బట్ట డేవిడ్ ఫించర్ చేతికి వచ్చింది, అప్పటిదాకా ప్రకటనలు, పాటల వీడియోలు తీసినవాడు, అతనికిది మొదటి సినిమా. పూర్తి స్క్రిప్టు లేకుండా షూటింగ్ మొదలైంది. కెమెరామన్ జోర్డన్ క్రోనెన్‌వెత్ ఆరోగ్యం సహకరించక కొద్దిరోజులకే తప్పుకుంటే అలెక్స్ థామ్సన్ వచ్చాడు. ఎడిటింగ్ పూర్తికాకముందే ఫించరూ వెళ్ళిపోయాడు.

దీని ఫలితం తెర మీద చూపిస్తాను. చివర్లో జీవిని సొరంగాల్లో పరిగెత్తించి, తలుపులు ఒక్కోటీ మూస్తూ సీసం పోసే గుంటలోకి తోలాలన్నది పథకం. చూసేవాడికి ఏ తలుపు ఎక్కడుందో తెలియదు. అందరికీ గుండ్లే, అందరివీ ఒకే రకం బట్టలు, ఎవడు ఎటు పరిగెడుతున్నాడో తెలియదు. దీని పక్కన 1979లో ఓడ కెప్టెన్ డాలస్ గాలి గొట్టాల్లోకి దిగిన సీను పెట్టండి. చేతిలో మంటలు చిమ్మే యంత్రం, బయట తోటి సిబ్బంది లాంబర్ట్ ముందు తెర మీద రెండు చుక్కలు. ఒక చుక్క అతను, ఇంకోటి అది. ఆ చుక్క దగ్గరికొస్తుంటే కుర్చీ అంచు పట్టుకుంటాం. ఎవరు ఎక్కడున్నారో తెలిస్తేనే కదా ఎదురుచూపు పుట్టేది. స్క్రిప్టు లేనిచోట దారుల లెక్క ఎవరు చూస్తారు?

3. సెకండ్‌షో

ఇద్దరూ 1992 నుంచే లెక్క మొదలుపెడుతున్నారు. విత్తనం 1986లోనే పడింది. 'ఏలియన్స్' దర్శకుడు జేమ్స్ కామెరాన్ తెచ్చిన, గుడ్లు పెట్టే రాణి జీవి.

మొదటి సినిమాకి ఒక సీను తీసి, వేగం తగ్గుతోందని కోసేశారు. 2003లో స్కాట్ విడుదల చేసిన ప్రతిలో అది తిరిగి చేరింది. రిప్లీ కిందికి దిగితే గోడకి జిగురుతో అతుక్కుని డాలస్ ఉంటాడు, ఇంకా బతికే. పక్కన బ్రెట్ శరీరం గుడ్డుగా మారిపోతూ ఉంటుంది. చంపెయ్యమని డాలస్ బతిమాలితే ఆమె నిప్పు పెడుతుంది. దీని ప్రకారం ఒక్క జీవి చాలు, దొరికిన మనిషినే గుడ్డు చేసేస్తుంది. దానికి కుటుంబం అక్కర్లేదు, గూడు అక్కర్లేదు. అలాంటిదాన్ని ఊహించుకోవడమే కష్టం.

కామెరాన్ ఏం చేశాడు? గుడ్లు పెట్టడానికి ఒక రాణి, రాణికి కాపలాగా కూలీలు. చీమల పుట్ట. చీమల పుట్ట మనందరికీ తెలుసు, నీళ్ళు పోస్తే పోతుంది. అక్కడినుంచి ఆ జీవి తుపాకీతో కాల్చి పడెయ్యగల జంతువు అయింది. మొదటి సినిమాలో ఒక్కటి ఏడుగురున్న ఓడని ఖాళీ చేసింది. రెండో దాంట్లో గుంపులుగా వచ్చి గుంపులుగా చస్తాయి. 2004లో పిరమిడ్ కింద గొలుసులేసి రాణిని కట్టేశారంటే ఆ దారి వేసింది కామెరానే.

4. రబ్బరుబొమ్మ

సెకండ్‌షో గారి మాటలో సగం నిజం ఉంది, కానీ ఆ సినిమా ఎందుకు నిలబడిందో చూడాలి కదా. రాసేవాళ్ళ సంగతి మీరు చూస్తున్నారు, తయారుచేసిన చేతుల సంగతి నేను చెబుతాను.

1979 జీవి లోపల ఉన్నది బొలాజీ బడేజో, లండన్‌లో చదువుకుంటున్న నైజీరియా యువకుడు, 6 అడుగుల 10 అంగుళాల పొడవు. సన్నటి కాళ్ళు చేతులు. జీవి రూపాన్ని గీసిన చిత్రకారుడు హెచ్. ఆర్. గీగర్ బొమ్మల్లోని ఆకారం మామూలు మనిషికి సూట్ తొడిగితే రాదు, అందుకే అలాంటివాణ్ణి వెతికారు. తోక ఉండటంతో అతను కూర్చోలేడు, షాట్ల మధ్య విశ్రాంతికి ఊయల లాంటిది కట్టాల్సి వచ్చింది. తల ముందుభాగంలో నిజమైన పుర్రె ఆకారం, దాని మీద వెలుతురు దూరే నున్నటి కప్పు. లోపలి దవడని నడిపే యంత్రాంగం కార్లో రాంబాల్డీది. పెదవుల దగ్గర సాగే నరాల్లాంటివి కండోములు చీల్చి పెట్టినవి, కారే చొంగ కె-వై జెల్లీ. ఖరీదైన సామానేం కాదు. కానీ వెలుతురు దాని మీద పడుతుంది, తడి మెరుస్తుంది, ఎదుట ఉన్న నటుడు దాన్ని తాకగలడు.

ఛాతీ చీలే సీను ఇంకా చెప్పాలి. కేన్‌గా నటించిన జాన్ హర్ట్ బల్లకి చేసిన రంధ్రంలోంచి తల, చేతులు బయటపెట్టి కింద కూర్చున్నాడు, పైన పడుకున్నది బొమ్మ మొండెం. అందులో కసాయి దుకాణం నుంచి తెచ్చిన పేగులు, లోపలికి రక్తం పంపే గొట్టాలు. జీవి పిల్లని కడ్డీ మీద కిందినుంచి తోస్తారు. మొదటిసారి తోస్తే చొక్కా చిరగలేదు, గుడ్డ పైకి ఉబ్బి ఆగిపోయింది. ఆ గుడ్డని ముందే బ్లేడుతో గీసి, ఆసిడ్‌తో బలహీనం చేసి మళ్ళీ తీశారు. ఆ ఉబ్బి ఆగే క్షణం సినిమాలోనూ ఉంటుంది, చుట్టూ ఉన్నవాళ్ళు ఏంటిదని వంగి చూస్తారు. అప్పుడే రక్తం ఎగజిమ్ముతుంది. పిల్ల పుడుతుందని నటులకి తెలుసు, ఎంత రక్తం ఎటు పడుతుందో తెలియదు. లాంబర్ట్‌గా చేసిన వెరోనికా కార్ట్‌రైట్ ముఖం మీద పడినప్పుడు ఆమె వెనక్కి విరుచుకుపడింది చూడండి, అది నటన కంటే ఎక్కువ.

ఇక కామెరాన్ గుంపులు. ఆయన దగ్గర ఉన్నవి చాలా కొద్ది సూట్లే. అవీ నల్లటి బిగుతు బట్టల మీద నురుగు ముక్కలు అతికించినవి, పరిగెత్తడానికీ తాళ్ళకి వేలాడటానికీ వీలుగా. తల మీద నున్నటి కప్పు కూడా తీసేశారు, గెంతితే పగులుతుందని. కింద ఉన్న గాడుల తలే బాగుందనుకుని ఉంచేశారు. కొద్దిపాటి సూట్లని గుంపులా చూపించింది తుపాకుల మెరుపు, పొగ, ఎడిటింగ్. రాణి సుమారు 14 అడుగులు, స్టాన్ విన్స్టన్ బృందం కట్టింది. పొట్టలో ఇద్దరు మనుషులు కూర్చుని చేతులు ఆడిస్తారు, తల హైడ్రాలిక్స్ మీద, మొత్తాన్ని పైనుంచి క్రేన్ మోస్తుంది. మొదట పరీక్షించినప్పుడు దాని ఒళ్ళు నల్లటి చెత్త సంచులు! పని చేస్తుందని తేలాకే డబ్బు పెట్టారు.

5. ఆరోవరస

సెకండ్‌షో గారూ, రాణి వల్ల రహస్యం కొంత పోయిందన్నది ఒప్పుకుంటాను. కానీ కామెరాన్ ఎదురుచూపుని వదల్లేదు. థియేటర్లలో వచ్చిన 137 నిమిషాల ప్రతిలో బతికున్న పెద్ద జీవి కనబడేసరికి గంట దాటుతుంది. అప్పటిదాకా ఖాళీ కాలనీ, కరిగిన నేల, గాజు సీసాల్లో ముఖానికి అంటుకునేవి, చేతిలో పెట్టెలో పిక్ పిక్ మనే శబ్దం. కదలికని పట్టే ఆ పెట్టె డాలస్ చుక్కలకి తమ్ముడే. గదిలోకి వచ్చేశాయని పెట్టె చెబుతుంటే గదిలో ఎవరూ లేరు, అప్పుడు హిక్స్ పైకప్పు పలక ఎత్తి చూస్తాడు. చుక్క, దూరం, కళ్ళు. మూడూ ఉన్నాయి అక్కడ.

ఇంకో మాట. 154 నిమిషాల పొడిగించిన ప్రతిని చాలామంది గొప్పది అంటారు. రిప్లీ కూతురు చనిపోయిందన్న సీను అందులో ఉంది, కాలనీలో ఆమెకి దొరికిన చిన్నపిల్ల న్యూట్‌తో బంధానికి అది బలం, నిజమే. కానీ అదే ప్రతిలో సైనికులు చేరకముందే కాలనీ నిండా జనం తిరుగుతూ కనబడతారు, న్యూట్ కుటుంబం మొదటి సినిమాలో గుడ్లు దొరికిన ఆ పాత ఓడ దగ్గరికి వెళ్తుంది, తండ్రి ముఖానికి అంటుకుంటుంది. అది చూపించేశాక ఖాళీ కాలనీలో ఏం జరిగిందో అన్న ప్రశ్నే మిగల్లేదు. నాకు థియేటర్ ప్రతే గట్టిది.

6. పాతరీలు

అసలు దొంగని ఇంకా ఎవరూ పట్టుకోలేదు. వివరణ. రాణి చిన్న వివరణ, అది జీవి ఎలా పుడుతుందో చెప్పింది. ప్రొమిథియస్, కవెనెంట్ ఎందుకు పుట్టిందో చెప్పాయి. నష్టం అక్కడ జరిగింది.

1979లో ఆ పాత ఓడలో కుర్చీలో కూర్చున్న రాకాసి మనిషిని గుర్తు తెచ్చుకోండి. ఆ సెట్ 26 అడుగుల ఎత్తు. ఇంకా పెద్దదిగా కనబడాలని స్కాట్ అంతరిక్ష సూట్లలో తన చిన్నపిల్లల్ని నిలబెట్టి తీశాడు. పక్కటెముకలు లోపలినుంచి బయటికి వంగి ఉన్నాయంటాడు డాలస్. శరీరం కుర్చీలోంచే మొలిచినట్టుంది, రాయిగా మారిపోయింది. ఎవరతను, ఎప్పుడు పోయాడు? సినిమా ఒక్క ముక్క చెప్పదు. మనుషులకంటే ముందు, మనకంటే పెద్దవాళ్ళకే ఈ గతి పట్టిందన్న ఒక్క సూచన. అంతే చాలు.

ప్రొమిథియస్ వచ్చి ఆ ఎముకలు ఎముకలే కాదు, సూట్ అంది. తీస్తే లోపల తెల్లటి కండల మనిషి, మనకంటే కొంచెం ఎత్తు, మనల్ని పుట్టించినవాడు. 26 అడుగుల వింతని రెండు మనుషుల ఎత్తు కూడా లేని ఇంజనీరుగా కుదించారు. కొలతలు కూడా కుదరవు.

జాన్ స్పైట్స్ రాసిన మొదటి స్క్రిప్టులో పాత జీవి ఉంది, పాత గ్రహం ఉంది. డేమన్ లిండెలాఫ్ తిరగరాసినప్పుడు అవి తీసేసి వేరే గ్రహం, నల్లటి ద్రవం పెట్టారు. ఆ నల్లటి ద్రవానికి నియమం లేదు. ఒకడు తాగితే కరిగిపోతాడు, ఇంకొకడి కంట్లో పురుగు పుడుతుంది, పురుగులు పాములవుతాయి, చచ్చినవాడు లేచి కొడతాడు. ఏం చేస్తుందో తెలియని వస్తువుకీ ఏమైనా చేసే వస్తువుకీ తేడా ఉంది. మొదటిదానికి భయపడతాం, రెండోదానికి రచయిత ఏం రాస్తే అది జరుగుతుందని తెలిసిపోతుంది.

కవెనెంట్ మిగిలిన ముడి కూడా విప్పేసింది. ఆ జీవిని తయారుచేసింది డేవిడ్ అనే రోబో, ప్రయోగాలు చేసి. ఎవరూ పుట్టించనిదీ, కారణం లేనిదీ అనుకున్నది ఒకడి డ్రాయింగు పుస్తకంలో బొమ్మలుగా తేలింది. డేవిడ్‌గా మైకల్ ఫాస్‌బెండర్ నటన అద్భుతం, అందులో రెండో మాట లేదు. కానీ అతను ఎంత బాగా చేస్తే జీవి అంత చిన్నదైపోయింది.

7. సెకండ్‌షో

పాతరీలు గారూ, మీరు నా పక్షమే అనిపిస్తోంది. రాణి తలుపు తీసింది, వీళ్ళు లోపలికి వచ్చారు. కాకపోతే డబ్బు లెక్కలు కూడా చూడండి. ప్రొమిథియస్ ప్రపంచం మొత్తం మీద 40 కోట్ల డాలర్లు దాటింది. కవెనెంట్ 24 కోట్లు. చూసినవాళ్ళు మొదటిసారి వచ్చారు, రెండోసారి రాలేదు. జనం ప్రశ్నలకి జవాబు కోసం వచ్చారు, జవాబు విన్నాక ఇక రావలసిన పని లేకపోయింది.

8. కత్తెర

సరే, 1992 దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే దాన్ని అందరూ ఒకే సినిమాగా మాట్లాడుతున్నారు. రెండు సినిమాలున్నాయి. థియేటర్లలో వచ్చింది 114 నిమిషాలు. 2003లో డీవీడీ పెట్టెలో వచ్చిన అసెంబ్లీ కట్ 145. ఫించర్ దానిలో పాలుపంచుకోలేదు, పాత వర్క్‌ప్రింట్ (ఎడిటింగ్ పూర్తికాని ముడి ప్రతి) ఆధారంగా కూర్చారు.

థియేటర్ ప్రతిలో జీవి పుట్టేది కుక్కలోంచి, అసెంబ్లీలో చచ్చిన ఎద్దులోంచి. పెద్ద తేడా ఇది కాదు. అసలు తేడా గోలిక్ అనే ఖైదీ. ఖైదీలందరూ కలిసి జీవిని విషపు వ్యర్థాలు దాచే గదిలోకి తోలి తలుపు వేసేస్తారు. పథకం పనిచేస్తుంది! గోలిక్ దాన్ని దేవుడి లెక్కన చూస్తున్నాడు, వెళ్ళి కాపలావాడి గొంతు కోసి తలుపు తీస్తాడు. ఈ మొత్తం థియేటర్ ప్రతిలో లేదు. గోలిక్ మధ్యలో మాయమైపోతాడు, పథకం ఊరికే చెడిపోయినట్టుంటుంది. ప్రార్థనలు చేసే ఖైదీల్లో ఒకడు మృత్యువుకే మొక్కడం ఆ సినిమాకి నడుము, దాన్ని విరిచేశారు. ఆరోవరస గారు అన్న ఎదురుచూపు ఆ ఫిల్మ్ డబ్బాల్లోనే ఉంది, 31 నిమిషాలు కోసి పారేశారు.

9. ఆరోవరస

గోలిక్ సంగతి ఒప్పుకున్నాను, అది ఉంటే సినిమా వేరే. కానీ రెండు ప్రతుల్లోనూ ఒక గాయం మాననిది. మొదటి నిమిషాల్లోనే న్యూట్, హిక్స్ నిద్రలోనే చనిపోతారు. రెండో సినిమా చివరి అరగంటంతా ఆ పిల్ల కోసమే కదా రిప్లీ దిగింది. పైగా ఆ ఓడలోకి గుడ్డు ఎలా వచ్చింది? రాణి తన గుడ్ల సంచిని కాలనీలోనే తెంపేసుకుని వచ్చింది. ఈ ప్రశ్నకి ఏ ప్రతీ సరైన జవాబు ఇవ్వదు. 1991లో వచ్చిన టీజర్ అయితే ఈసారి జీవి భూమి మీదకే వస్తోందన్నట్టు చెప్పింది. జనం భూమి అనుకుని వెళ్తే జైలు చూపించారు, పిల్లకి శవపరీక్ష చూపించారు.

10. రబ్బరుబొమ్మ

1992 జీవి ఎందుకు తేలిపోయినట్టు కనబడుతుందో చెప్పాలి, ఎందుకంటే దాన్ని చాలామంది కంప్యూటర్ బొమ్మ అంటారు. కాదు. గోడల మీద నాలుగు కాళ్ళతో పరిగెత్తే షాట్లలో ఉన్నది కడ్డీల బొమ్మ. మనిషంత కూడా ఉండదు, తల, నడుము, కాళ్ళకి కడ్డీలు, ఒక్కో కడ్డీకి ఒకరు. మన తోలుబొమ్మలాటలో తెర వెనక పుల్లలు పట్టుకుని ఆడించినట్టే. బ్లూ స్క్రీన్ ముందు ఆడించి, ఆ ఫిల్మును సొరంగం షాట్ మీద ఆప్టికల్ ప్రింటర్‌లో కలిపారు. తప్పు జరిగింది ఈ మెట్టులోనే. బొమ్మ మీద పడ్డ వెలుతురు సొరంగంలోని వెలుతురుకి సరిపోలేదు, అంచుల వెంట ఆకుపచ్చ గీత మిగిలిపోయింది. నేల మీద దాని బరువు పడదు, బురదలో అడుగు దిగదు. కడ్డీల మీద ఆట మాత్రం చాలా గొప్పగా ఉంది, కదలికలో పులి కనబడుతుంది. కలపడం పాడుచేసింది. కుక్కకి సూట్ తొడిగి కూడా ప్రయత్నించారు, విప్పెట్ జాతి కుక్క. కుదరలేదు.

అదే సినిమాలో టామ్ వుడ్రఫ్ సూట్‌లో ఉండి రిప్లీ చెంప దగ్గరికి దవడ తెచ్చే షాట్ చూడండి. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే దీపం కింద. సిరీస్ మొత్తానికి గుర్తుండిపోయే బొమ్మల్లో అదొకటి.

1997లో మొదటిసారి కంప్యూటర్ జీవులు ఈతకొట్టాయి. నీళ్ళలో మసక ఉంటుంది కాబట్టి బాగానే నప్పాయి. ఆ సినిమా చెడింది చివర్లో వచ్చే నవజాత జీవి దగ్గర. మంచి యంత్రపు బొమ్మే అది, కష్టపడి చేశారు. కానీ దానికి కళ్ళు పెట్టారు, జాలి పుట్టే ముఖం పెట్టారు. గీగర్ జీవికి కళ్ళు లేవు. ఎటు చూస్తోందో తెలియదు కాబట్టే మనవైపే చూస్తోందనిపిస్తుంది. 2007 సినిమా గురించి ఒక్క మాట చాలు: సూట్లు బాగా చేసి, ఏమీ కనబడనంత చీకట్లో తీశారు.

11. పాతరీలు

కళ్ళ మాట సరిగ్గా పట్టారు. 'ఏలియన్: రోములస్' (2024) గురించి ఎవరూ అనలేదు, అదీ కొంచెం చూడాలి. దర్శకుడు ఫెడే అల్వరెజ్ 1979, 1986 సినిమాల కథల మధ్య కాలంలో, 2142లో కథ పెట్టాడు. సుమారు 8 కోట్ల డాలర్లతో తీస్తే 35 కోట్ల దాకా వచ్చాయి. సూట్లు, యంత్రపు బొమ్మలు తిరిగొచ్చాయి.

దాంట్లో ఒక్క సీను సిరీస్ ఎలా సాగాలో చూపిస్తుంది. రక్తం ఆసిడ్ అన్న నియమం 1979ది, ఆ సినిమాకి డిజైన్లు గీసిన రాన్ కాబ్ సూచన. జీవిని కాల్చి పడెయ్యకుండా ఓడలో వాళ్ళని ఆపడానికి పెట్టింది, కాలిస్తే ఓడకే చిల్లు పడుతుంది. 45 ఏళ్ళుగా అందరికీ తెలిసిన నియమమే. అల్వరెజ్ స్టేషన్‌లో గురుత్వాకర్షణ ఆపించాడు. నాయిక రెయిన్ కాలుస్తుంది, రక్తం కింద పడదు, గాల్లో సుడులు తిరుగుతూ ఉండిపోతుంది. ఇప్పుడు ఆ సుడుల మధ్యలోంచి ఒళ్ళు తగలకుండా ఈదుకుంటూ వెళ్ళాలి. కొత్త వివరణ లేదు, కొత్త జీవి లేదు, పాత నియమం మీద ఇంకో మెలిక. ఎంత హాయిగా ఉందో ఆ సీను!

అదే సినిమా వేరేచోట తడబడింది. మొదటి సినిమాలో రోబోగా చేసి, 2020లో పోయిన ఇయాన్ హోమ్ ముఖాన్ని బొమ్మతో, కంప్యూటర్‌తో మళ్ళీ తెచ్చింది, ఇంట్లో చూసే వీడియో ప్రతిలో దాన్ని సరిదిద్దాల్సి వచ్చింది. 1986లో న్యూట్‌ని కాపాడుతూ రిప్లీ రాణితో 'ఆమెకి దూరంగా పో' అని తిట్టిన మాటని రోబో ఆండీ చేత యథాతథంగా అనిపించింది. రిప్లీకి ఆ మాట తల్లి కోపం. ఆండీకి అది ఏ కారణంతో వస్తుంది?

12. సెకండ్‌షో

రోములస్‌లోనూ ఛాతీ నిమిషాల్లో చీలుతుంది, నల్లటి ద్రవం తిరిగొచ్చింది. ఆరోవరస గారి గడియారం, పాతరీలు గారి వివరణ, రెండూ అందులోనే దెబ్బతిన్నాయి. అయినా జనానికి నచ్చింది. దీనికేమంటారు?

13. ఆరోవరస

నచ్చిన భాగం ఏదో చూడండి. గది నిండా ముఖానికి అంటుకునేవి ఉన్నాయి, గదిలో వేడి మనిషి ఒంటి వేడికి సమానంగా పెంచి, చెమట పట్టకుండా, మాట్లాడకుండా మెల్లగా నడిచి దాటాలి. ఆ సీను పూర్తిగా ఎదురుచూపు. చివరి భాగంలో పొడుగాటి సగం మనిషి పుట్టినప్పటినుంచి పరుగే, అక్కడే చర్చలు చీలిపోయాయి.

2025లో వచ్చిన టీవీ సిరీస్ 'ఏలియన్: ఎర్త్' ఎనిమిది భాగాల్లోనూ ఇదే జరిగింది. అందరూ మాట్లాడుకుంది పాత జీవి గురించి కాదు, కన్నులాంటి ఆ చిన్న జీవి గురించి. గొర్రె తలలో దూరి, కంటి గుంతలో కూర్చుని, కదలకుండా అద్దం అవతల మనుషుల్ని చూస్తూ ఉంటుంది. అది ఏం ఆలోచిస్తోందో మనకి తెలియదు. గొర్రె మామూలుగా నిలబడి ఉంటుంది, అంతే. ఒక గొర్రె నిలబడి చూస్తే ఒళ్ళు జలదరించిందంటే, పాత జీవికి 1979లో ఉండి ఇప్పుడు లేనిదేంటో అక్కడ దొరుకుతుంది. దాని గురించి మనకి అన్నీ తెలుసు ఇప్పుడు, అడుగుల్లో ఎత్తు దగ్గరినుంచి తయారుచేసినవాడి పేరు దాకా.

14. కత్తెర

నేను ఒక మెట్టు దిగుతాను. స్క్రిప్టు లేకపోవడం 1992కి సరిపోయే జవాబు, ప్రొమిథియస్‌కి సరిపోదు. అక్కడ స్క్రిప్టు ఉంది, డబ్బు ఉంది, దర్శకుడు మొదటి సినిమా తీసినవాడే. కాబట్టి పాతరీలు గారి వాదన 2012 నుంచి నిలుస్తుంది, నాది 1992కి నిలుస్తుంది. రాణి మీద మాత్రం సెకండ్‌షో గారితో నేను కలవను.

ఏలియన్ 3 థియేటర్ ప్రతి ఒక్కటే చూసి తీర్పు చెప్పినవాళ్ళు అసెంబ్లీ కట్ చూడండి, రెండింటి ముగింపులు పక్కపక్కన పెట్టి. థియేటర్ ప్రతిలో, లోపల జీవి పిల్లని మోస్తున్న రిప్లీ కొలిమిలోకి వెనక్కి ఒరుగుతుండగా ఛాతీ చీల్చుకుని ఆ పిల్ల బయటికి వస్తుంది, ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని పడుతుంది. అసెంబ్లీలో పిల్ల రాదు. ఆమె చేతులు చాచి పడుతుంది, ఛాతీ అలాగే ఉంటుంది. లోపల ఉన్నది బయటికి వచ్చే సమయం ఇంకా రాలేదు, ఆమె ఆగలేదు.